వాఁ జోన్ వైన్ తీస్తే మెంతుల వాసన, పాడైందంటారా?

తెల్లద్రాక్ష: ఫ్రాన్స్‌లోని జురా వెళ్లినప్పుడు ఆర్బువా ఊళ్లో వాఁ జోన్ సీసా ఒకటి తెచ్చుకున్నా. సావన్యాఁ అనే ద్రాక్షతో చేస్తారట. నిన్న ఫ్రిజ్‌లోంచి తీసి పోస్తే తెల్ల వైన్‌లా లేనే లేదు. ముదురు పసుపు రంగు, వాల్‌నట్ వాసన, దాని వెనకాలే వేయించిన మెంతులు! గాలి తగిలి పాడైందేమోనని బెంగగా ఉంది. పారబోయాల్సిందేనా?

సాయంకాలం: అయ్యో, వద్దండీ! మీ ముక్కు సరిగ్గానే పట్టింది. మెంతులకు ఆ వాసన ఇచ్చే సోటోలోన్ అనే పదార్థం ఈ వైన్‌లోనూ ఉంటుంది.

పీపా: మామూలుగా పీపాలో వైన్ ఆవిరై తగ్గే కొద్దీ మళ్లీ నింపుతారు. వాఁ జోన్‌కు నింపరు. ఆ ఖాళీలో, పాల మీద మీగడ కట్టినట్టు, వైన్ మీద ఈస్ట్ పలచగా పొర కడుతుంది. అక్కడివాళ్లు దాన్ని ‘తెర’ అంటారు. వైన్ వెనిగర్ అయిపోకుండా కాసేది అదే, మీరు చెప్పిన వాసనలకు మూలమూ అదే. కోత నుంచి ఆరేళ్ల మూడు నెలలు ఆగాలి. లీటరు వైన్‌లో చివరికి మిగిలేది 62 సెంటీలీటర్లని వాళ్ల లెక్క. అందుకే క్లావ్లాఁ అనే ఆ పొట్టి సీసా కొలత అంతే. అన్నేళ్ల ఓపిక ఉన్న వైన్ కాబట్టే నాకింత ప్రేమ.

తొలిగుక్క: నేనూ మొదటిసారి బాగా చల్లగా తాగి, పులుపు తప్ప ఏమీ తెలియక పక్కన పెట్టేశా. రెండ్రోజులు పోయాక తాగితే అదే సీసానా అనిపించింది. 14–16 డిగ్రీలు చాలు. కొన్ని గంటల ముందే మూత తీయండి. తీశాక కూడా వారాల తరబడి నిలుస్తుంది, తొందరేం లేదు. పక్కన బాగా ముదిరిన కోంతె చీజ్ తప్పకుండా ఉండాలి.

కొండవాలు: ఈసారి కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. సీసా మీద ‘ఉయే’ అని ఉంటే అది పీపా నింపుతూ చేసిన సావన్యాఁ. నిమ్మ పులుపుతో తేటగా ఉంటుంది, మెంతుల జాడ ఉండదు. వాఁ జోన్‌లో నా మనసు జురాలోని షాతో-షాలోఁ అనే ఊరి వైన్‌దే. పంట తగినట్టు లేదని 1974, 1980, 1984, 2001లలో ఆ పేరుతో ఒక్క సీసా కూడా వేయలేదు వాళ్లు.

తెల్లద్రాక్ష: అందరికీ థాంక్సండీ. పొద్దున్నే ఫ్రిజ్‌లోంచి బయట పెట్టి, ఇప్పుడే పోసుకున్నా. మెంతులు అలాగే ఉన్నాయి, కానీ గుక్క దిగాక వాల్‌నట్ రుచి ఎంతసేపటికీ పోవట్లేదు. సగం సీసా వచ్చే వారానికి దాచా, కోంతె తెచ్చుకున్నాక తీస్తాను.