సైకిల్ చైన్‌కి, క్యాసెట్‌కి (వెనక పళ్ల చక్రాల గుత్తికి) పట్టిన నల్ల జిడ్డు వదిలేదెలా?

ప్రశ్న: వానల్లో రెండు నెలలు తొక్కాను, మధ్యలో తుడవకుండా పైపైనే నూనె వేస్తూ పోయాను. ఇప్పుడు చైన్, వెనక పళ్ల చక్రాలు జిడ్డుతో ముద్దయిపోయాయి, గేర్ మారిస్తే కరకరమంటోంది. పెట్రోల్‌తో కడగమంటున్నారు కానీ భయంగా ఉందండి.

జవాబు 1: పెట్రోల్ వద్దే వద్దు, దాని ఆవిరి చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. చైన్‌కి క్విక్ లింక్ (విప్పి మళ్లీ పెట్టగలిగే లంకె) ఉంటే ఊడదీసి, మూతున్న సీసాలో డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రవం) పోసి, చైన్ అందులో వేసి బాగా ఊపండి, కాసేపు నాననిచ్చి మళ్లీ ఊపండి, ద్రవం నల్లబడడం తగ్గేదాకా మార్చండి. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన వేడినీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. చైన్ లంకెల్లో తిరిగే ఒక్కో రోలర్‌పై ఒక్క చుక్క నూనె చాలు. అది లోపలికి దిగాక పైన మిగిలింది తప్పకుండా తుడిచేయాలి, ఎందుకంటే ఆ తడికే దుమ్ము అంటుకుని గరుకు పేస్టులా మారి పళ్లను అరగదీస్తుంది. మీకు జరిగిందీ ఇదే.

జవాబు 2: క్యాసెట్ పళ్ల సందుల్లో పాత గుడ్డ అంచు దూర్చి అటూ ఇటూ లాగండి. డీగ్రీజర్ హబ్ (చక్రం మధ్య భాగం) బేరింగుల్లోకి పోతే గ్రీజు కరిగిపోతుంది, జాగ్రత్త. డిస్క్ బ్రేకులైతే రోటర్‌పై (బ్రేకు పట్టే గుండ్రటి లోహపు పళ్లెంపై) నూనె చుక్క కూడా పడకూడదు, పడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

ప్రశ్న అడిగినవారు: చైన్ మెరుస్తోంది, చాలా థాంక్స్! గట్టిగా తొక్కితే మాత్రం జారుతోంది.

జవాబు 1: చైన్ అరిగిపోయి ఉండొచ్చు. లంకెలను కలిపే ఒక పిన్ను మధ్య నుంచి, దాన్ని లెక్కపెట్టకుండా, తర్వాతి 24వ పిన్ను మధ్య దాకా కొలవండి, కొత్తదైతే 304.8 మిల్లీమీటర్లు. 307 వస్తే చైన్ మార్చాల్సిందే.