‘ఉభయకుశలోపరి’: కార్డుముక్క మీద ఒక మాట

పాత ఉత్తరాల్లో కనిపించే ‘ఉభయకుశలోపరి’ అంటే ఏమిటని నిన్న ఒకరు అడిగారు. ‘ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను’ అనడానికి అది పొట్టిమాట అని చాలామంది అనుకుంటారు. వాడుకలో అంతే. కానీ విడదీస్తే ఇంకొంచెం ఉంది. కుశల + ఉపరి, గుణసంధి. ‘ఉపరి’ అంటే ఆ మీదట. ఇరువైపుల కుశలం అయిన మీదట అని అర్థం. అంటే అది పూర్తి వాక్యం కాదు, అసలు సంగతి ఇంకా రావాలి. కన్నడంలో దీని వెనకే ‘సాంప్రత’ అని కూడా రాసేవారు, ‘ప్రస్తుతానికి వస్తే’ అన్నట్టు.

1879లో మన దేశంలో పోస్టుకార్డు మొదలైనప్పుడు దాని వెల పావు అణా. చవకే, కానీ చోటు అరచెయ్యంత. ఒక్క మాటలో కుశలం ముగించడం ఎంత కలిసివచ్చి ఉంటుందో!

మా తాతయ్య అమ్మకు రాసిన పదిహేను పైసల కార్డు ఒకటి నా దగ్గరుంది. పైన నడుమ ‘శ్రీ’. కింద ‘చి.ల.సౌ. అమ్మాయిని ఆశీర్వదించి వ్రాయునది’. తర్వాత ఈ మాట, గొలుసుకట్టులో. కలం ఎత్తినట్టే లేదు. ఒక అక్షరం తలకట్టు సాగి పక్క అక్షరానికి మొదలైంది, చివరి ‘రి’ గుడి గాలిలో తిరిగి ఆగింది. ఆ వెంటనే ‘గేదె ఈనింది, పెయ్యదూడ’. ఇక్కడ అక్షరాలు విడివిడిగా, నిదానంగా ఉన్నాయి. వేలసార్లు రాసిన మాట కాబట్టి చెయ్యి పరుగెత్తింది, సంగతి రాగానే తమాయించుకుంది. ‘ఉపరి’ ఎక్కడ మొదలైందో చదవకుండానే కంటికి తెలుస్తుంది. నాకు అంతకన్నా అందమైన రాత కనబడలేదు. చోటు చాలక కార్డు తిప్పి, అంచు వెంబడి నిలువునా: ‘చంటివాడికి చలిగాలి తగలనీయకు’. ఆ చంటివాణ్ణి నేనే.

ఒక పాఠకుడి ప్రశ్న: ‘ఉభయ కుశలోపరి’ అని విడిగా రాయొచ్చా?

జవాబు: సమాసం కదండీ, కలిపి రాయడమే మేలు. పాత కార్డుల్లో విడిగా రాసినవీ ఉన్నాయి, తప్పు పట్టక్కర్లేదు.

మరో పాఠకుడు: మా వైపు శుభవార్త కార్డుకు నాలుగు మూలలా పసుపు పూసేవారు. చావుకబురైతే పైన ‘అశుభం’ అని రాసి నేరుగా విషయమే. ‘శ్రీ’ ఉండదు, ఈ మాటా ఉండదు. చదవగానే చించేసేవారు, ఇంట్లో ఉంచేవారు కాదు. మా నాయనమ్మ పెట్టెలో మిగిలిన కార్డులన్నిటిలోనూ ‘ఉభయకుశలోపరి’ ఉంది.