తొమ్మిదో తరగతికి నెల్లూరు వస్తున్నాం: ఆటిజం ఉన్న అమ్మాయికి పెద్ద క్యాంపస్సా, చిన్న స్కూలా, ఓపెన్ స్కూలా?

కూకట్‌పల్లి అమ్మ:

అందరికీ నమస్కారం. మావారిది బ్యాంకు ఉద్యోగం. ఈసారి హైదరాబాద్ నుంచి నెల్లూరుకి బదిలీ అయింది, జూన్ కల్లా ఇల్లు మారాలి. మా పాపకి పద్నాలుగేళ్లు. సీబీఎస్ఈలో ఎనిమిది అయిపోతోంది, అక్కడ తొమ్మిదిలో చేర్చాలి. చిన్నప్పుడే ఆటిజం అని తేలింది. యూడీఐడీ కార్డులో (ప్రభుత్వం ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు) వైకల్యం 50 శాతం అని ఉంది. బాగానే మాట్లాడుతుంది, లెక్కలంటే ప్రాణం. కష్టమంతా గోలతోనూ, ఉన్నట్టుండి వచ్చిపడే మార్పులతోనూ. బడిలో ఉన్నంతసేపూ బిగబట్టుకుని కూర్చుంటుంది, ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకముందే ఏడుపు మొదలవుతుంది. టీచర్లేమో "ఎంత నెమ్మదైన పిల్లండీ, ఏ ఇబ్బందీ లేదు" అంటారు.

ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. మావారు పెద్ద సీబీఎస్ఈ క్యాంపస్సే మంచిదంటున్నారు. కావలిలో ఉండే మా ఆడబిడ్డ, "ఇంటి దగ్గర చిన్న స్కూల్లో వెయ్యి వదినా, ఆటిజం సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు, ఆడపిల్ల" అంటోంది. నాకేమో ఓపెన్ స్కూల్లో కట్టించి ఇంట్లోనే చదివించుకుంటే ఈ ఏడుపు తప్పుతుందేమో అనిపిస్తోంది. అక్కడి సంగతులు తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

వేదాయపాళెం నాన్న:

మీవారి మాటే సరైందండీ. బోర్డు మార్చకండి. మా అబ్బాయికి కూడా ఆటిజమే, ఇప్పుడు పదిలో ఉన్నాడు. మన పిల్లలకి సీబీఎస్ఈలో వెసులుబాట్లు రాతపూర్వకంగా ఉన్నాయి. రెండు భాషల బదులు ఒక్క భాష చాలు. మూడు గంటల పేపరుకి ఇంకో గంట టైం ఇస్తారు. అవసరమైతే స్క్రైబ్‌ని, అంటే పిల్లలు చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషిని, పెట్టుకోవచ్చు. కొన్ని సబ్జెక్టుల బదులు సంగీతం, పెయింటింగ్, హోమ్ సైన్స్ లాంటివి ఎంచుకోవచ్చు. స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే ఇలాంటి పిల్లలకి నేర్పడానికి శిక్షణ పొందిన టీచర్, ఉండి తీరాలని 2015లోనే సీబీఎస్ఈ తన స్కూళ్లకి చెప్పింది. జీతమిచ్చి అలాంటి మనిషిని పెట్టుకునే స్తోమత పెద్ద స్కూలుకే ఉంటుంది. చిన్న స్కూళ్లలో ఆ పోస్టు చాలావరకు కాగితాల్లోనే.

ఇంకో విషయం. తొమ్మిదిలోనే బోర్డు రిజిస్ట్రేషన్ జరుగుతుంది. ఇప్పుడు తేల్చుకోకుండా పదిలో మారదామంటే నానా తంటాలు పడాలి.

మూలాపేట అమ్మ:

పై అన్న చెప్పిన నిబంధనలన్నీ నిజమే, కాదనను. కానీ ఆ పాప రోజంతా గడపాల్సింది నిబంధనల పుస్తకంలో కాదు కదా, క్లాసులో. నెల్లూరులో పెద్ద పేరున్న స్కూలంటే తొమ్మిదో తరగతి ఎలా ఉంటుందో మనకి తెలియంది కాదు. ఐఐటీ ఫౌండేషన్ అని పొద్దున్నే మొదలుపెడతారు, సాయంత్రం స్టడీ అవర్స్ అంటారు, వారం వారం టెస్టులు, మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చేస్తారు. సెక్షన్ మారితే టీచర్లు మారతారు, పక్కన కూర్చునే పిల్ల మారిపోతుంది. మార్పంటేనే తట్టుకోలేని పిల్లని తీసుకెళ్లి నెలనెలా మార్పులు జరిగేచోట పెడదామా?

మా చిన్నోడిని నేను కావాలనే మధ్యరకం స్కూల్లో వేశాను. క్లాసుకి ముప్పై లోపే. మూడేళ్లుగా ఒకే గది, ఒకే క్లాస్ టీచర్. స్పెషల్ ఎడ్యుకేటర్ వారానికి రెండు రోజులే వస్తుంది, కానీ వచ్చిన రోజు వాడి పక్కన కూర్చుంటుంది. పెద్ద క్యాంపస్సుల్లో ఆ పోస్టులో ఉన్నవాళ్లని రాని టీచర్ల పీరియడ్లకి పంపించడం నేను కళ్లారా చూశాను.

ఇంకో మాట, ఇది నెల్లూరు వాళ్లకే తెలుస్తుంది. ఊరి మధ్య నుంచి రైలు పట్టాలు పోతాయి. వానాకాలం అండర్‌బ్రిడ్జిల్లో నీళ్లు నిలిస్తే మాగుంట లేఅవుట్ దగ్గరా రామలింగాపురం దగ్గరా బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. బడి ఒకవైపు, ఇల్లు ఒకవైపు అయితే ఆ రోజు మీ పాప ఆటోలో హారన్ల మధ్య ఇరుక్కుంటుంది. ముందు స్కూలు తేల్చుకోండి, పట్టాలకి అదే వైపు, నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు వెతుక్కోండి. చాలామంది ముందు ఇల్లు చూసుకుని తర్వాత స్కూలు వెతుకుతారు.

ఒంగోలు మాస్టారు:

అమ్మా, నేను ప్రకాశం జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పనిచేసి రిటైరయ్యాను. ప్రభుత్వ బడి పేరు ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతున్నాను.

విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల దగ్గర ఆగిపోతుంది. మీ పాప వయసు సరిగ్గా అదే. అయితే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆమెకి ఇంకా వర్తిస్తుంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి 18 ఏళ్లు వచ్చేదాకా ఇంటి దగ్గర బడిలో గానీ, కోరుకున్న స్పెషల్ స్కూల్లో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉందని 31వ సెక్షన్ చెబుతోంది. గుర్తింపు ఉన్న ఏ స్కూలూ వివక్ష చూపకుండా చేర్చుకోవాలని 16వ సెక్షన్ అంటుంది. పరీక్షలో అదనపు టైం, స్క్రైబ్, రెండో భాష, మూడో భాష మినహాయింపు 17వ సెక్షన్‌లో ఉన్నాయి. కాబట్టి వెసులుబాట్లు సీబీఎస్ఈ సొత్తేం కాదు. మన రాష్ట్ర బోర్డు పదో తరగతికైనా అడగొచ్చు, హెడ్మాస్టరు ద్వారా ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి, అంతే.

సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. అక్కడ ఐఈఆర్‌టీలని ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు. వాళ్లకి పని చాలా ఎక్కువ, మండలమంతా తిరగాలి, అది దాచను. సెకండరీ స్థాయిలో ఇలాంటి పిల్లలు పదిహేను మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక కేంద్రం కూడా ఆ లెక్కనే ఖరారు చేసింది. ఆ లెక్క మన బడుల్లో ఇంకా కనబడదు. అయినా నేను చూసిన హైస్కూళ్లలో ఈ పిల్లల మీద ర్యాంకు భారం ఉండేది కాదు, ఆడుకునే స్థలం ఉండేది, తోటి ఆడపిల్లలు చేయి పట్టుకుని తీసుకెళ్లేవాళ్లు.

వేదాయపాళెం నాన్న:

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. హైదరాబాద్‌లో సీబీఎస్ఈ చదివిన పిల్లని ఒక్కసారిగా మీరు చెప్పే బడిలో వేస్తే ఊరు, సిలబస్, భాష, స్నేహితులు అన్నీ ఒకేసారి మారిపోతాయి. ఊరు ఎలాగూ మారుతోంది. మిగతావైనా ఉన్నవి ఉన్నట్టు ఉంచడం మంచిది కదా?

ఒంగోలు మాస్టారు:

ఆ మాట ఒప్పుకుంటున్నాను నాయనా. ఈ పాప విషయంలో బోర్డు మార్చకపోవడమే నయం. మొదటినుంచీ ఇక్కడే ఉన్న పిల్లలకి మాత్రం నా మాట వర్తిస్తుంది.

కావలి నాన్న:

ఓపెన్ స్కూలు అనగానే అందరూ చదువు మానిపించినట్టు చూస్తారు. మా అబ్బాయి ఎన్ఐఓఎస్‌లో, అంటే జాతీయ ఓపెన్ స్కూల్లో, పది పాసయ్యాడు. పద్నాలుగేళ్లు నిండితే చేరొచ్చు. ఐదు సబ్జెక్టులు మనమే ఎంచుకోవచ్చు, అందులో ఒక్కటి భాష అయితే చాలు. అన్నీ ఒకేసారి రాయాలని లేదు, ఐదేళ్ల గడువులో తొమ్మిది అవకాశాలు ఉంటాయి, పాసైన సబ్జెక్టు మార్కులు అలాగే ఉంటాయి. ఆ సర్టిఫికెట్‌తో ఇంటర్, డిగ్రీ చేయొచ్చు. రోజూ ఏడుస్తూ ఇంటికొచ్చే పిల్లని "నలుగురిలో కలవాలి" అనే పేరుతో అదే బాధలోకి నెట్టడం నాకు న్యాయంగా తోచదు.

మూలాపేట అమ్మ:

అన్నా, మీ అబ్బాయికి కుదిరింది, సంతోషం. కానీ ఇంట్లో చదివించాలంటే రోజంతా ఒకరు ఇంట్లోనే ఉండాలి. ఆ ఒకరు ఎప్పుడూ అమ్మే అవుతుంది. కొత్త ఊళ్లో తనకీ ఎవరూ తెలియరు. తల్లీ కూతుళ్లిద్దరూ నాలుగు గోడల మధ్య ఉండిపోతే వాళ్లకి తోడెవరు? ఓపెన్ స్కూలు ఎక్కడికీ పోదు. బడి కుదరకపోతే ఏ ఏడాదైనా వెళ్లొచ్చు. అటు వెళ్లాక తిరిగి తొమ్మిదిలోకి రావడమే కష్టం.

కావలి నాన్న:

నిజమేనమ్మా, మా ఇంట్లో ఆ భారం మా ఆవిడే మోసింది. అయినా బడికి వెళ్తే తోడు దొరుకుతుందని గ్యారంటీ ఏముంది? నలభై మందిలో ఒంటరిగా కూర్చునే పిల్లలు లేరా?

కందుకూరు పిల్ల:

నమస్తే ఆంటీ. నాకు ఆటిజం ఉంది, డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్‌లో ఉన్నప్పుడే తెలిసింది, అంతకుముందు అందరూ నన్ను పొగరుబోతు అనేవాళ్లు.

"ఏ ఇబ్బందీ లేదు" అని టీచర్లు అంటున్నారంటే పాప రోజంతా నటిస్తోందని అర్థం. నేనూ అదే చేశాను. నవ్వకపోతే ఏమనుకుంటారో అని నవ్వేదాన్ని, చెవులు మూసుకుంటే వెక్కిరిస్తారని గోళ్లతో అరచేతులు నొక్కుకునేదాన్ని. ఆటిజం సంగతి దాచమంటే ఆ నటన ఇంకో రెండేళ్లు చెయ్యమనే. మీ ఆడబిడ్డగారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ ఆ మాట వినకండి.

నాకు పనికొచ్చినవి చాలా చిన్న విషయాలు. రేపటి టైంటేబుల్ ముందురోజే తెలియడం. ప్రేయర్‌లో మైకుకి దూరంగా చివరి వరసలో నిలబడనివ్వడం. తల తిరుగుతుంటే పర్మిషన్ అడగకుండా లైబ్రరీకి వెళ్లి కూర్చోగలగడం. ఇంకా బాత్రూమ్. మీరు స్కూలు చూడ్డానికి వెళ్తే ఆడపిల్లల బాత్రూమ్ తప్పకుండా చూడండి. గడియ పడుతుందా, నీళ్లున్నాయా, ప్యాడ్ పడెయ్యడానికి డబ్బా ఉందా, ఇంటర్వెల్ కాకుండా మధ్యలో పంపిస్తారా. పీరియడ్స్ రోజుల్లో ఆ కంపు, ఆ తోపులాట భరించలేక నేను పొద్దున్నుంచి నీళ్లు తాగేదాన్ని కాదు.

ఇంకొకటి అడగనా? మీవారి మాట, ఆడబిడ్డ మాట, మీ మాట రాశారు. పాప ఏమంటోంది?

వేదాయపాళెం నాన్న:

ఈ అమ్మాయి చెప్పింది చదివాక కూడా ఒక్కటి అంటాను. ముందు అడ్మిషన్ చేయించుకోండి, ఫీజు కట్టండి, ఆ తర్వాత చెప్పండి. ముందే చెబితే "సీట్లు అయిపోయాయి" అనే స్కూళ్లు ఉన్నాయి. మాకు ఒకచోట అలాగే జరిగింది. చట్టం ఉందని కలెక్టరాఫీసు చుట్టూ తిరిగే ఓపిక బదిలీ మీద వచ్చినవాళ్లకి ఉంటుందా?

ఒంగోలు మాస్టారు:

నీ బాధ అర్థమైంది నాయనా. కానీ ఆ మాట విని తలుపేసేవాళ్లు, ఫీజు కట్టాక విన్నా పాపని బాగా చూస్తారా? సీటు అయితే ఇస్తారు, నెల తిరిగేసరికి "మీ అమ్మాయి అడ్జస్ట్ కావట్లేదు" అని కబుర్లు పంపుతారు. నవంబర్‌లో ఇంకో బడి వెతుక్కోవడం కంటే ఏప్రిల్‌లోనే వాళ్ల బుద్ధి తెలియడం మంచిది. పైగా వెసులుబాట్లు కావాలంటే తొమ్మిదో తరగతి రిజిస్ట్రేషన్ నాడే స్కూలు ఆ వివరాలు నింపాలి. అడ్మిషన్ దరఖాస్తుతో పాటే యూడీఐడీ కాపీ జతచేసి ఇవ్వండి. సీటు లేదంటే ఆ ముక్క రాతపూర్వకంగా ఇమ్మని మర్యాదగా అడగండి. కాగితం మీద రాయమంటే చాలామంది దారికొస్తారు.

కూకట్‌పల్లి అమ్మ:

అందరికీ చేతులెత్తి దండం. కందుకూరు అమ్మాయి అడిగిన ప్రశ్నకి నిన్న రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున పాపని అడిగాం. మాటల్లో వెంటనే చెప్పదు, కాగితం ఇస్తే రాస్తుంది. సాయంత్రానికి ఇలా రాసిచ్చింది: "సెక్షన్ మార్చకూడదు. స్కూల్ బస్సు వద్దు. లంచ్ ఎక్కడ తినాలో ముందే చెప్పాలి. సైన్స్ ల్యాబ్ ఉండాలి. ఇంట్లో చదవను."

"ఇంట్లో చదవను" అన్న మాట నేను అస్సలు ఊహించలేదు. ఓపెన్ స్కూలు ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టేశాను. బస్సు వద్దంది కాబట్టి ఊరి చివర క్యాంపస్సులు వాటంతటవే పోయాయి. మావారు కూడా ఆ కాగితం రెండుసార్లు చదివి, నడిచి వెళ్లే దూరంలో సెక్షన్లు మార్చని సీబీఎస్ఈ స్కూలు వెతుకుదాం అన్నారు. ముందే చెప్పే అడుగుతాం. ఈ నెలలోనే నెల్లూరు వస్తున్నాం. వచ్చినప్పుడు ఏమేం చూడాలో చెబుతారా?

మూలాపేట అమ్మ:

పొద్దున ప్రిన్సిపాల్ రూమ్‌లో కాఫీ తాగి వచ్చేయకండి. లంచ్ టైంలో వెళ్లి వరండాలో నిలబడండి, ఆ గోల ఎంతో మీకే తెలుస్తుంది. స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నారా అని కాదు, "ఆవిడతో ఇప్పుడు మాట్లాడొచ్చా?" అని అడగండి. ఆమె పేరు కోసం వాళ్లు వెతుక్కుంటుంటే విషయం తెలిసిపోతుంది. తొమ్మిదో తరగతి చెప్పే లెక్కల టీచర్‌ని కూడా కలవండి. పాపకి ఇష్టమైన సబ్జెక్టు కాబట్టి ఆ మనిషే ఆమెకి మొదటి అండ అవుతారు.

ఇంకొకటి. ఇక్కడ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్లు. రాత్రి తొమ్మిదికి రేపు సెలవు అంటారు, మళ్లీ ఆదివారం బడి పెడతారు. ఆ మెసేజ్ ఎప్పుడు, ఎలా వస్తుందో అడిగి పెట్టుకోండి. పాపకి జూన్‌లోనే చెప్పి ఉంచండి, ఈ ఊళ్లో ఇలా జరుగుతుందని.

కావలి నాన్న:

నెల్లూరులో సీఆర్‌సీ ఉంది, అంటే దివ్యాంగులకి థెరపీ, శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ కేంద్రం. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ కిందే నడుస్తుంది. మీ పాత రిపోర్టులన్నీ తెచ్చుకోండి, థెరపీ మధ్యలో ఆగిపోకుండా అక్కడ అడగొచ్చు. యూడీఐడీ దేశమంతా చెల్లుతుంది, అడ్రస్ మాత్రం మార్పించుకోండి. నా అభిప్రాయం మారలేదమ్మా, కానీ పాపే వద్దంది కాబట్టి ఇక నేను పట్టుబట్టను.

కందుకూరు పిల్ల:

ఆంటీ, మొదటిసారి మీరిద్దరే వెళ్లండి. రెండుమూడు స్కూళ్లు వడపోసి, నచ్చిన ఒకటో రెండో మాత్రం పాపకి చూపించండి. గేటు, క్లాస్‌రూమ్, లంచ్ తినే చోటు, బాత్రూమ్, ల్యాబ్ ఫోటోలు తీసి ముందే ఆమెకివ్వండి. ఏప్రిల్ మూడో వారం దాటితే వేసవి సెలవులు, పిల్లలు లేని బడి చూస్తే ఏమీ తెలియదు. అందుకని ఈలోపే రండి. మామూలుగా జూన్ 12న బడులు తెరుస్తారు. అంతకుముందు వారంలో ఇంకోసారి, ఎవరూ లేనప్పుడు, తన బెంచీ ఎక్కడో చూసుకునేలా స్కూలు వాళ్లని ఒప్పించండి. ఒప్పుకోని స్కూలైతే లిస్టులోంచి కొట్టేయండి.