బెల్లీని మరియమ్మ ఒడిలో బిడ్డది మామూలు నిద్రేనా?

వర్ణరేఖ: వెనిస్ చిత్రకారుడు జొవాన్ని బెల్లీని 1500 ప్రాంతంలో వేసిన 'పచ్చికలో మడోన్నా' (మడోన్నా అంటే మరియమ్మ బొమ్మ) లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. మరియమ్మ నేల మీద కూర్చుని చేతులు జోడించింది. బాలయేసు ఒడిలో పడుకున్నాడు. అది నిద్ర కాదు, ముందే చూపించిన చావు అని నా వాదన. వెనక మోడు చెట్టు మీద నల్ల పక్షి కూడా ఉంది.

జపమాల: పసిబిడ్డ పడుకుంటే నిద్రే అంటారండీ. చావు అంటగట్టడం ఏం సరదా?

బాటసారి: అది కాకి. పల్లెటూళ్ళో కాకులుండవా?

వర్ణరేఖ: కాకిని వదిలేయండి. బెల్లీనిదే 'పియెతా' అనే ఇంకో బొమ్మ వెనిస్ అకాడమియా గ్యాలరీలో ఉంది. అక్కడా తల్లి పచ్చిక మీదే కూర్చుంది, ఒడిలో మాత్రం ఎదిగిన కొడుకు శవం. ఇది కాకతాళీయమా? చిత్రకారుడు రాఫెల్ వేసిన మడోన్నా ఒకదాంట్లో పిల్లల చేతుల్లో గోల్డ్‌ఫించ్ పిట్ట ఉంటుంది. ముళ్ళ మొక్కల్లో మేసే పిట్ట కాబట్టి ముళ్ళకిరీటానికి గుర్తు. ఇవి ఆనాటి భక్తులకు తెలిసిన సంకేతాలే.

బాటసారి: కాకిని తెచ్చింది మీరే. రాబందని కూడా అంటారు. ముందు అది తేల్చండి.

జపమాల: ఓ ఆర్ట్ క్లాసులో మడోన్నా స్లైడ్ రాగానే అలవాటుగా దండం పెట్టుకున్నాను. మాస్టారు అందరి ముందూ నవ్వారు, "ఇది చర్చి కాదమ్మా" అని. మీ రాత చదివితే ఆ నవ్వే వినిపిస్తోంది. మా ఇంట్లో వేళాంకణి మాత పటం ఉంది. దాని ముందు సంకేతాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోం.

వర్ణరేఖ: ఎవరో నవ్వితే నాకేం సంబంధం? చిన్నప్పుడు జ్ఞానోపదేశం క్లాసులో "ఎందుకు" అన్నందుకు నన్ను బయట నిలబెట్టారు. అయితే నేనూ మిమ్మల్ని తిట్టాలా?

పొద్దు: ఇద్దరూ ఎవరో మాస్టార్ల మీద కోపం ఇక్కడ తీర్చుకుంటున్నారు.

జపమాల: అనుకోండి. కొడుక్కి రాబోయేది తెలిసే ఆ తల్లి చేతులు జోడించిందంటే ఒప్పుకుంటాను, పసి యేసును గుడిలో చూసిన సిమెయోను ఆమెతో "నీ గుండెలోకి ఖడ్గం దూసుకుపోతుంది" అన్న మాట మాకూ తెలుసు. మీరు ప్రార్థన పక్కన పెట్టి చావునే చూపిస్తున్నారు, బాధ అదీ.

వర్ణరేఖ: పక్కన పెట్టలేదు. ఆ ప్రార్థనను నమ్మనివాళ్ళకీ ఈ బొమ్మ పూర్తిగా అర్థమవుతుందంటున్నాను.

జపమాల: అదే నేను ఒప్పుకోను. బెల్లీని దాన్ని మ్యూజియం కోసం వెయ్యలేదు, ఎదుట నిలబడి మొక్కేవాళ్ళ కోసం వేశాడు.

వర్ణరేఖ: మొక్కనివాళ్ళు చూడకూడదా మరి?

జపమాల: చూడండి. పూర్తిగా చూశామని మాత్రం చెప్పకండి.