దీపావళి ప్రోగ్రాం చివరి ఐటెం: ఏ మిక్స్ వాడదాం?

కల్చరల్ కోఆర్డినేటర్:
అందరికీ నమస్తే. నవంబరు 7 శనివారం మన మెల్‌బోర్న్ దీపావళి ప్రోగ్రాంలో ఆఖరి ఐటెం ఏదో ఇవాళ తేల్చాలి. మన యూత్ టీమ్ తమ్ముడు చేసిన కొత్త ట్రాన్స్ (ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్‌లో ఒక రకం) సింగిల్, దాని రెండో మిక్స్ డ్రైవ్‌లో పెట్టాను. మొదటిది 138 బీపీఎం, అంటే నిమిషానికి 138 బీట్లు. ట్రాన్స్ మామూలుగా 130-140 మధ్యే ఉంటుంది కాబట్టి వేగం సరిపోయింది. రెండోది 108. అందులో సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు శబ్దం) వెనక్కి తగ్గి, డప్పు, తుడుము అనే చర్మవాద్యం ముందుకొచ్చాయి.

పోస్టర్ డ్రాఫ్ట్‌లో "గుస్సాడీ ట్రైబల్ ట్రాన్స్" అని చూశాను. గుస్సాడీ అంటే గోండులు దీపావళికి చేసే నృత్యం. నెమలి ఈకల టోపీలకు ఆర్డర్ కూడా పెడుతున్నారట. దయచేసి ఆపండి. మాది ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు. మేం గోండులం కాదు గానీ, దీపావళికి గుస్సాడీలతో దండారి నృత్య బృందాలు ఊరూరా తిరగడం చూస్తూ పెరిగాను. గుస్సాడీ వేసేవాళ్ళు ఆ రోజులన్నీ దీక్షలో ఉంటారు, స్నానం చేయరు, ఒంటికి బూడిద పూసుకుంటారు. ఆ నెమలి టోపీకి పూజ చేశాకే తలకెత్తుకుంటారు. మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది ఈ కళకే. ఆయన 2024లో కన్నుమూశారు. ఆయన జీవితమంతా మోసిన దాన్ని మనం నాలుగు నిమిషాల కాస్ట్యూమ్ చేయొద్దు.

డాన్స్ టీమ్:
అక్కా, మరి ధింసా వేద్దామా? మా అమ్మమ్మది అరకు. అక్కడ పెళ్ళికీ పండక్కీ ఊరంతా కలిసి వేస్తారు, చూడ్డానికొచ్చినవాళ్ళనీ లాక్కుంటారు. మొన్న ఆదివారం 138కి వేసి చూశాం. ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పట్టుకుని తిరగాలి కదా, మూడో చుట్టుకే గొలుసు తెగిపోయింది. మాలో నలుగురు యాభై దాటినవాళ్ళు. 108కి మాత్రం కాళ్ళు వాటంతటవే పడ్డాయి.

ట్రాక్ చేసిన తమ్ముడు:
అక్కా, కారణం వేగం ఒక్కటే కాదు. మొదటి దాంట్లో కిక్ (బేస్ డ్రమ్ దెబ్బ) ప్రతి బీట్‌కీ సమానంగా పడుతుంది. దానికి సరిపోవాలని డప్పు దెబ్బలన్నీ కంప్యూటర్‌లో సమాన గీతల గ్రిడ్‌కి కట్టేశాను. ఆ ఊపు చచ్చిపోయింది. రెండో దాంట్లో వాయించినవి వాయించినట్టే వదిలేసి, కిక్‌నే వాటి వెంట జరిపాను. మూడు రాత్రులు పట్టింది. నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

కల్చరల్ కోఆర్డినేటర్:
వినగానే తెలిసిపోయింది తమ్ముడూ, చాలా బాగుంది. అయితే ధింసాకి రెండో మిక్స్. అది అయ్యాక కుర్చీలు పక్కకి జరిపి, పిల్లా పెద్దా అందరి కోసం 138 వేద్దాం. ఆ పాటకి తగిన చోటు అదే.

పోస్టర్‌లో "ట్రైబల్" తీసేసి "అరకు ధింసా అడుగులతో ట్రాన్స్" అని రాయండి. డప్పు వినిపించగానే ట్రైబల్ అనడం సరికాదు. ధింసాలో మోరి (ఊదే వాద్యం), తుడుము, కిరిడి అనే వాద్యాలతో పాటు డప్పూ ఉంటుంది, నిజమే. కానీ మన ఊళ్ళల్లో డప్పుని తరతరాలుగా నిలబెట్టింది ఎక్కువగా మాదిగ కళాకారులు. స్టేజీ మీద యాంకర్ ఆ మాట చెప్పి తీరాలి.

సౌండ్, లైట్స్:
స్ట్రోబ్ (గబగబా మిణుకుమనే) లైట్లు వద్దు, మూర్ఛ ఉన్నవాళ్ళకి ప్రమాదం. సబ్‌వూఫర్ల (పెద్ద బేస్ స్పీకర్ల) దగ్గర పసిపిల్లల్ని కూర్చోబెట్టనివ్వకండి. మెల్‌బోర్న్‌లో ఆ వారం దాదాపు 8 దాకా వెలుతురే, అందుకని ధింసా 8:15కి పెట్టండి. లైట్లు అప్పుడే కనిపిస్తాయి.

ట్రెజరర్:
హాల్‌కి వన్‌మ్యూజిక్ ఆస్ట్రేలియా లైసెన్స్ (పబ్లిక్‌గా పాటలు వేసే అనుమతి) ఉందేమో రేపు కనుక్కుంటా. తమ్ముడూ, డప్పు నువ్వే రికార్డ్ చేశావు, సరే. ఆ మోరి ఎక్కడిది?

ట్రాక్ చేసిన తమ్ముడు:
ఒక వీడియోలోంచి తీశాను అన్నా. ఊదినాయన ఎవరో అందులో రాయలేదు, అడిగి పర్మిషన్ తీసుకునే దారి లేదు. తీసేస్తాను. గురువారానికి కొత్త ఫైల్ పెడతా. కానీ మధ్యలో ఎనిమిది బార్లు (తాళం ఆవృత్తాలు) ఖాళీ అవుతాయి. అక్కడ ఎవరైనా లైవ్‌గా వాయిస్తే బాగుంటుంది.

పార్కింగ్ వాలంటీర్:
తమ్ముడూ, నేను వాయిస్తా. మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఫైబర్ డప్పు ఉంది, తోలు డప్పులా హాల్లో సెగ పెట్టే పని లేదు. 8కి పార్కింగ్ దగ్గర నా బదులు ఒకరు కావాలి.