అమెరికన్ మాజాంగ్‌లో బిళ్ళ ఎక్కువైతే ఏం చేస్తున్నారు?

పర్లాకిమిడి వాసి:
మా వీధిలో సాయంత్రాలు నలుగురం మాజాంగ్‌కి కూర్చుంటాం, వంతులవారీగా ఒక బిళ్ళ ఎత్తి, ఒకటి పడేస్తూ జట్లు కట్టే ఆట. సెట్టు మా వదిన న్యూజెర్సీలో కూతురి దగ్గర ఆర్నెల్లుండి వస్తూ తెచ్చింది, పాతపట్నం నుంచి ఒకావిడా, పక్కింటి ఒడియా ఆవిడా వస్తారు. మొన్న ఆట సగంలో ఉండగా పాతపట్నం ఆవిడ అప్పటికే మూడేసి బిళ్ళలు రెండుసార్లు అందరికీ కనబడేలా దించేసింది, తన వంతు కాకపోయినా ర్యాక్ (బిళ్ళలు నిలబెట్టుకునే పలక) మీద, పదమూడులో ఆరు పోగా ఏడుండాల్సిన చోట ఎనిమిదున్నాయి. "ఈసారి రెండు పడేస్తాను, లెక్క సరిపోతుంది కదా" అంది. ఇద్దరు సరేనన్నారు, నేను ఒప్పుకోలేదు, మాటా మాటా పెరిగింది. అసలు రూలేంటి? తక్కువున్నా ఇదేనా?

బరంపురం అక్క:
నువ్వన్నదే రైటు చెల్లీ. ఆట మొదలయ్యాక లెక్క తప్పితే చేయి (అంటే ఆవిడ దగ్గరున్న బిళ్ళలన్నీ) డెడ్, ఎక్కువైనా తక్కువైనా అంతే. ఇక ఆవిడ ఎత్తకూడదు, వేయకూడదు, మిగతా ముగ్గురూ ఆడతారు. గెలిచినవాళ్ళకి మాత్రం అందరితో పాటు ఆవిడా ఇచ్చుకోవాల్సిందే. మేం డబ్బులు పెట్టం, చింతపిక్కలు పెడతాం, గెలిచే చేతులూ వాటి విలువలూ రాసి ఉండే కార్డులో ఆ చేతికి 25 అని ఉంటే డెడ్ అయినావిడ కూడా 25 పిక్కలు ఇస్తుంది. ఇద్దరు డెడ్ అయినా మిగిలిన ఇద్దరూ ఆడొచ్చు, ముగ్గురైతే ఆ ఆట వదిలేసి మళ్ళీ పంచుకోవాలి.

రాయగడ రిటైర్డ్ టీచర్:
ఎక్కువైతే సరే. తక్కువైనవాళ్ళని కూడా కూర్చోబెట్టేయడం నాకు నచ్చదండీ. పన్నెండుతో ఆడేవాళ్ళు ఇంకొకటి ఎత్తితే పదమూడు, గెలవాలంటే పద్నాలుగు కావాలి, వాళ్ళెలాగూ గెలవలేరు. ఇంకొకటి తీసుకోనిస్తే ఎవరికి నష్టం? అరవై దాటినవాళ్ళం, సరదాకి ఆడుతున్నాం.

బరంపురం అక్క:
నష్టం ఉంది మాస్టారూ. ఆట సగంలో ఒక బిళ్ళ అదనంగా ఎత్తడమంటే వంతు కాకుండా గోడలోంచి, అంటే బోర్లించి పేర్చిన బిళ్ళల వరసలోంచి తీయడమే కదా, ఆ తర్వాత అందరికీ రావాల్సిన బిళ్ళలు మారిపోతాయి. ఎక్కువున్నావిడ రెండు వేయడం ఇంకా అన్యాయం, అందరూ పద్నాలుగులోంచి ఏది ఉంచుకోవాలా అని చూస్తుంటే ఆవిడ పదిహేనులోంచి ఏరుకుంటోంది. పంచగానే, చార్లెస్టన్ (ఆటకి ముందు బిళ్ళలు ఇచ్చిపుచ్చుకోవడం) మొదలుకాకముందే తెలిస్తే మాత్రం దిద్దుకోవచ్చు, దానికి ఎవరూ ఏమీ అనుకోరు. అందుకే కళ్ళు ఆననివాళ్ళ కోసమే అక్కడ ఆగి లెక్కపెట్టించండి.

పర్లాకిమిడి వాసి:
అంటే పంచేటప్పుడే తప్పు పట్టుకోవాలన్నమాట. మీరు ఎక్కడ చూసుకుంటారక్కా?

బరంపురం అక్క:
గోడ దగ్గర్నుంచే. మొత్తం 152 బిళ్ళలు, నాలుగు గోడలూ ఒక్కోటి 19 పొడవు, రెండేసి ఎత్తు ఉండాలి, ఒకటి పొట్టిగా కనిపిస్తే బిళ్ళ చాప కిందో పెట్టెలోనో ఉందన్నమాట. పంచాక ర్యాక్ మీద నాలుగు, నాలుగు, నాలుగు, ఒకటిగా సందులిచ్చి పేర్చితే పదమూడు చూడగానే తెలుస్తుంది, ఈస్ట్‌కి, అంటే మొదటి బిళ్ళ వేసేవాళ్ళకి, చివర రెండుంటాయి. చార్లెస్టన్‌లో ఒక్కో విడతకి మూడేసి ఇచ్చిపుచ్చుకుంటాం కదా, మా టేబుల్‌లో ముందు ఇవ్వాల్సిన మూడూ బల్ల మీద పెట్టాకే వచ్చినవి ర్యాక్ ఎక్కిస్తారు. అది అయిపోయాక, ఈస్ట్ మొదటి బిళ్ళ వేసేముందు, అందరం ఇంకోసారి పైకి లెక్కపెడతాం. మీ ఒడియా ఆవిడని ఒడియాలోనే లెక్కపెట్టమనండి, అలవాటైన భాషలో తప్పు పోదు.