లిఫ్ట్ చేసిన థార్‌కు స్టీల్ అల్లిక బ్రేక్ హోస్‌లు అవసరమా?

పాకాల థార్:
అందరికీ నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. 2014 థార్ సీఆర్‌డీఈ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. లిఫ్ట్ (బండి ఎత్తు పెంచడం) పాత ఓనరే చేయించాడు. ముందర టార్షన్ బార్లు (స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) బిగించి లేపారు, వెనకాల పొడుగు షాకిళ్లు (కమాన్లను చాసిస్‌కు కలిపే ముక్కలు), పొడుగు షాక్ అబ్జార్బర్లు వేశారు. టైర్లు 245/75 ఆర్16 మడ్ టెర్రైన్. తోటలోకి, సీజన్లో మామిడికాయల పనికి, అప్పుడప్పుడు ఫ్రెండ్స్‌తో తలకోనకి తిప్పుతుంటాను.

ఊళ్లో, హైవే మీద బ్రేక్ బాగానే పడుతుంది. తలకోన నుంచి తిరుపతికి వస్తూ నలుగురితో భాకరాపేట ఘాట్ దిగేటప్పుడే గొడవ. కొన్ని మలుపులు దాటాక పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది. రెండోసారి తొక్కితే పట్టుకుంటుంది. కిందికొచ్చి టీ తాగి బండెక్కితే మళ్లీ మామూలే.

చెన్నైలో ఒక యాక్సెసరీ షాపులో అడిగితే బ్రేక్ ఆయిల్ వెళ్లే రబ్బరు హోస్‌లు (గొట్టాలు) ఉబ్బుతున్నాయి, స్టీల్ అల్లిక ఉన్నవి వేస్తే ఈ బాధ ఉండదు, సెట్ 9 వేలు అన్నారు. వేయించమంటారా? ఇంట్లో వాళ్లను ఎక్కించుకోవాలంటే టెన్షన్‌గా ఉంది.

చిత్తూరు జిప్సీ:
వేసెయ్ బ్రో, ఆలోచించొద్దు. నా జిప్సీకి వేయించాక పెడల్ ఫీలే మారిపోయింది. కాలు పెడితే చాలు. చూడ్డానికి కూడా సూపర్.

బ్రేక్ పని, రేణిగుంట రోడ్:
పాకాల తమ్ముడూ, డబ్బు తీసేముందు ఇది చదువు.

నువ్వు చెప్పిన లక్షణంలోనే జవాబుంది. ముసలి రబ్బరు హోస్ ఉబ్బితే ఇంటి ముందర కూడా పెడల్ మెత్తగానే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, ఘాట్ దిగుతుంటే పోయి, ఆగితే తిరిగొస్తోందంటే బ్రేక్ ఆయిల్ మరుగుతోందని నేను ముందు అనుమానిస్తాను. ఆయిల్ ఎప్పుడు మార్చావో నువ్వు రాయలేదు. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి మార్చలేదనే అనుకుంటున్నాను.

ఈ ఆయిల్‌కు గాలిలో తేమ పీల్చే గుణం ఉంది. స్టాండర్డ్ ప్రకారం డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి అదే లెక్క 230, 155. మరిగిన చోట ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం ఒత్తిడికి నలగదు, ఆవిరి నలుగుతుంది. నువ్వు తొక్కిన తొక్కుడంతా ఆ బుడగల్ని నలపడానికే సరిపోతుంది, ప్యాడ్ దాకా చేరదు. బుడగ కాలిపర్‌లో (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగంలో) కూర్చుంటే హోస్ చుట్టూ స్టీలు అల్లినా ఒకటే, బంగారం అల్లినా ఒకటే.

తిరుమల నుంచి దిగేటప్పుడు టీటీడీ వాళ్లు కనీసం 40 నిమిషాలు పట్టాలని లెక్క పెట్టారు కదా. జనం అది స్పీడు తగ్గించడానికే అనుకుంటారు. నా మటుకు నాకు అది బ్రేకులు చల్లారడానికి ఇచ్చిన టైమ్ కూడా. మనవాళ్లు జోరుగా దిగేసి చివర్లో పక్కన ఆపి గడియారం చూస్తూ కూర్చుంటారు, ఆ తెలివికి ఏమనాలో!

టైర్ల సంగతి కూడా చూడు. కంపెనీ టైరు 235/70 ఆర్16, ఎత్తు సుమారు 735 మిల్లీమీటర్లు. నీది 774 దాకా వస్తుంది. డిస్కు అదే, ప్యాడ్లు అవే, చక్రం మాత్రం పెద్దది. అంటే అంతే ఆపాలంటే పెడల్ ఇంకో 5 శాతం గట్టిగా తొక్కాలి. దానికి తోడు టైరు బరువు, నలుగురు మనుషులు. వేడి ఎక్కక ఏం చేస్తుంది?

రెండు పరీక్షలు ఇంట్లోనే చెయ్యి. ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఒకరిని బ్రేక్ గట్టిగా తొక్కి వదలమని చెప్పి, నువ్వు హోస్‌ను పిడికిట్లో పట్టుకో. కొంచెం బిగుసుకోవడం సహజం. వేళ్లను తోసేంత ఉబ్బితే, పైన పగుళ్లు ఉంటే అది పోయినట్టే. ఆ తర్వాత హ్యాండ్ బ్రేక్ కొద్దిగా లాగి ఉంచి పెడల్ తొక్కి చూడు. పెడల్ ముందుకంటే పైనే పట్టుకుంటే వెనక డ్రమ్ముల్లో షూలకు గ్యాప్ ఎక్కువైందని అర్థం. వాగుల్లో దింపే బండికి డ్రమ్ములోకి బురద చేరి ఆ గ్యాప్ సరిచేసే అడ్జస్టర్ బిగుసుకుపోవడం నేను రోజూ చూసేదే.

పాకాల థార్:
థాంక్స్ అన్నా. హోస్‌లు పెద్దగా ఉబ్బలేదు, ముందర కుడివైపు దానికి మాత్రం బ్రాకెట్ దగ్గర సన్న పగుళ్లున్నాయి. హ్యాండ్ బ్రేక్ లాగితే మాత్రం పెడల్ బాగా పైకొచ్చింది! ఆయిల్ డబ్బాలో చూస్తే టీ డికాక్షన్ రంగులో ఉంది. అయితే స్టీల్ హోస్‌లు వద్దంటారా?

బ్రేక్ పని, రేణిగుంట రోడ్:
వద్దని కాదు, ఎక్కడ కావాలో తెలుసుకొని వెయ్యి అంటున్నా.

లిఫ్ట్ బండికి హోస్ దేనితో చేసిందన్నదాని కంటే పొడుగు ముఖ్యం. ముందర నీకు టార్షన్ బార్ బిగించి లేపారు, అంతే. చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ చెయ్యి ఎంత కిందికి జారగలదో ఆ హద్దు మారలేదు, స్టాపర్ పాతదే. కాబట్టి ముందర కంపెనీ పొడుగే సరిపోతుంది. వెనకాల అట్లా కాదు. పొడుగు షాకిల్, పొడుగు షాక్ అబ్జార్బర్ వేశాక యాక్సిల్ పాతదానికంటే కిందికి వేలాడుతుంది. చాసిస్ నుంచి యాక్సిల్ మీదికి దిగే హోస్ ఒక్కటే కదా, గుంతలో ఒక చక్రం దిగినప్పుడు ఆ లాగుడంతా దాని మీదే పడుతుంది.

చాసిస్‌ను జాకీ మీద లేపి స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలు రెండూ గాల్లో వేలాడనిచ్చి చూడు. ఆ హోస్ తీగలా బిగిసి ఉంటే అక్కడ పొడుగుది తప్పదు. అది స్టీల్ అల్లికదే తీసుకో, నాకేం అభ్యంతరం లేదు. లోపల టెఫ్లాన్ గొట్టం, దాని మీద స్టెయిన్‌లెస్ అల్లిక ఉంటుంది. ఒత్తిడికి తక్కువ ఉబ్బుతుంది, రబ్బరులా ఏళ్లు గడిచేకొద్దీ పగలదు, అడవి దారిలో పుల్ల గుచ్చుకున్నా తట్టుకుంటుంది. పెడల్ కాస్త గట్టిగా తగులుతుంది, చిత్తూరు తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు. కానీ దానివల్ల బండి ముందే ఆగుతుందనుకోవద్దు. ఆపేది టైరు, ప్యాడ్.

పైన ప్లాస్టిక్ పూత ఉన్నదే అడుగు. పూత లేకపోతే అల్లిక సందుల్లోకి ఇసుక దూరి, బండి ఊగినప్పుడల్లా లోపలి గొట్టాన్ని గీకుతుంది. బయట ఏం తగిలినా అల్లిక ఆకురాయిలా అరగదీస్తుంది, పక్కనున్న వైరునో పైపునో తినేస్తుంది. రబ్బరు పోయేముందు పగుళ్లు చూపిస్తుంది. స్టీల్‌ది లోపల ఏమైనా బయటికి మెరుస్తూనే ఉంటుంది. ఇంకో సంగతి, రబ్బరు హోస్‌ను నొక్కి పట్టి లైన్ ఆపే అలవాటున్న మెకానిక్‌కు ముందే చెప్పు. టెఫ్లాన్ గొట్టం ఒకసారి మడత పడితే ఇక పనికిరాదు.

పలమనేరు నుంచి:
మధ్యలో వస్తున్నాను, ఇది ముఖ్యం. మా వైపు జేసీబీలకు, బోరు బండ్లకు హోస్‌లు కొట్టిచ్చే హైడ్రాలిక్ షాపులున్నాయి. కొలత చెబితే బ్రేక్ హోస్ కూడా అప్పటికప్పుడు నొక్కి ఇస్తామంటారు. ఒప్పుకోవద్దు. వాటి లోపలి రబ్బరు మామూలుగా హైడ్రాలిక్ ఆయిల్ కోసం చేసింది, బ్రేక్ ఆయిల్ తగిలితే పాడవుతుంది. బ్రేక్ హోస్ మీద స్టాండర్డ్ ముద్ర ఉంటుంది, మన దేశంలో ఐఎస్ 7079, అమెరికా సరుకైతే డాట్. ముద్ర లేనిది ఎంత మెరిసినా వద్దు.

హోస్ చివరి మర (థ్రెడ్) కూడా చూసుకోండి. ఎం10 బై 1 మెట్రిక్ మరకు, 3/8 అంగుళం 24 మరకు కంటికి తేడా తెలీదు. చిన్నది పెద్దదాంట్లోకి వదులుగా ఎక్కుతుంది, బిగించినట్టే ఉంటుంది, గట్టిగా తొక్కిన రోజు ఊడొస్తుంది.

అన్నట్టు, లిఫ్ట్, టైర్ల గురించి ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పారా? మోటారు వాహనాల చట్టంలో బండి మార్పుల గురించిన సెక్షన్ 52 మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆర్టీవోలు మార్పుల విషయంలో గట్టిగా ఉన్నారు. హోస్ కంటే ముందు వాళ్ల కంట పడేది నీ టైర్లే.

పాకాల థార్:
టైర్ల సంగతి నాకూ మనసులో ఉంది సార్. పాత టైర్లు పాత ఓనరు దగ్గరే ఉన్నాయేమో అడుగుతాను.

రేణిగుంట అన్నా, వెనక డ్రమ్ములు విప్పి శుభ్రం చేయించి అడ్జస్ట్ చేయిస్తా. ఆయిల్ మొత్తం తీసేసి కొత్తది పోయిస్తా. ముందర రెండు హోస్‌లూ కొత్త రబ్బరువి, వెనకది పొడుగు స్టీల్‌ది. ఇంతేనా? డాట్ 5 ఇంకా మంచిదని ఒకతను అన్నాడు.

బ్రేక్ పని, రేణిగుంట రోడ్:
డాట్ 5 జోలికి పోవద్దు, అది సిలికాన్‌ది, నీ బండిలో ఉన్న ఆయిల్‌తో కలవదు. డాట్ 4 పోయించు. సీలు తీయని చిన్న డబ్బా కొనుక్కో, షెల్ఫ్ మీద సగం వాడి పెట్టింది వద్దు.

హోస్‌ను కాలిపర్‌కు బిగించే బంజో బోల్టుకు రెండు వైపులా రాగి వాషర్లు కొత్తవే వెయ్యాలి, పాతవి తిప్పి వేసే మెకానిక్ అయితే లేచి వచ్చెయ్. ముందర హోస్‌లు బిగించాక స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పించి టైరుకు తగలట్లేదని, మెలిక పడలేదని కళ్లతో చూడు. బ్రేక్ లైన్లలో గాలి తీసేటప్పుడు ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి, కుడి వెనక, ఎడమ ముందర, చివరికి కుడి ముందర. బానెట్ కింది డబ్బాలో ఆయిల్ అడుగంటనివ్వద్దు.

ఘాట్‌లో న్యూట్రల్ వద్దు, ఇంజన్ ఆపడం అసలే వద్దు, పెడల్‌కు సాయం చేసే బూస్టర్‌కు వాక్యూమ్ పోతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరు పట్టిందో దాంట్లోనే దిగు. డ్రమ్ము విప్పాక షూల మీద ఆయిల్ తడి ఉందేమో ఫోటో తీసి పెట్టు, ఉంటే వీల్ సిలిండర్లు (షూలను తోసేవి) కూడా చూడాలి.